పరదేశ కాపురం - పేట ఎంపిక



ఉద్యోగరీత్యా పరదేశానికి పోయే కుటుంబాలు అక్కడ ఏ పేటలో కాపురం పెట్టాలి, ఆ పేట మంచిచెడ్డలను ఇక్కడి నుంచే ఎలా విచారించుకోవాలి అనే విషయం గురించి ఈనాటి ప్రసంగంలో కొన్ని మాటలు చెప్పదలచుకున్నాను.

మన చింతామణి, బాగేపల్లి వైపు నుంచి ఒకప్పుడు పని కోసం పోవడమంటే కోలారు బంగారు గనులకో, బెంగుళూరుకో పోవడమే. గనులకు పోయినవారికి ఇల్లు వెదుక్కొనే పని లేదు. కంపెనీ వరుసగా కట్టించిన లైను ఇళ్ళలో ఒకటి చూపిస్తే అందులో చేరేవారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం మొదలయింది. ఇప్పుడు బట్లహళ్ళి వంటి ఊళ్ళలో కూడా ఒక ఇంటి కొడుకు సింగపూరులో ఉన్నాడనీ, ఒక ఇంటి కోడలు అమెరికాకు పోతున్నదనీ వింటున్నాం. ఆ మాట వినగానే మనం అడిగే ప్రశ్నలు రెండే. జీతం ఎంత? ఇంటి బాడుగ ఎంత? ఈ రెండూ అడగవలసినవే. అయితే, పిల్లలను వెంటబెట్టుకొని పోయే కుటుంబానికి ఇవి మాత్రమే చాలవు. ఆ ఇంటి గడప దాటితే ఏముంటుంది అన్నది కూడా అంత ముఖ్యం.

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఫోటోలో చూసిన ఇంటికి పచ్చగడ్డి, గాజు కిటికీలు, కారు నిలిపే చోటు అన్నీ ఉంటాయి. బడి ఎంత దూరమో, కాలిబాట ఉందో లేదో, సాయంత్రం పిల్లవాడితో ఆడుకొనే తోటివాడు దొరుకుతాడో లేదో ఆ ఫోటోలో కనిపించదు.

ముందుగా ఒక తేడా గమనించాలి. ఒంటరిగా పోయిన యువకుడికి పడుకోవడానికి ఒక మంచం, ఆఫీసుకు పోవడానికి ఒక బస్సు ఉంటే గడిచిపోతుంది. నలుగురు కలిసి ఒక గది తీసుకొని సర్దుకుంటారు. భార్యాబిడ్డలు వచ్చేటప్పుడు కూడా అతడు అదే కొలతతో ఇల్లు చూస్తాడు. తన ఆఫీసుకు ఎంత దూరం అన్నదే అతని లెక్క. కాని ఆ పేటలో ఎక్కువ గంటలు గడిపేది అతడు కాదు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు వరకు అతడు ఆఫీసులో ఉంటాడు. పేటలో ఉండేది భార్య, పిల్లలు, అప్పుడప్పుడు ఇక్కడి నుంచి పోయే తల్లిదండ్రులు. కాబట్టి ఇల్లు వెదికేముందు ఒక కాగితం తీసుకొని, ఇంట్లో ప్రతి ఒక్కరి దినచర్యనూ రాసుకోవడం మంచిది. పిల్లవాడు ఎన్ని గంటలకు లేవాలి, బడికి ఎట్లా పోవాలి, తల్లి కూరగాయలు ఎక్కడ కొనాలి, జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి ఎట్లా పోవాలి - ఇవన్నీ రాసి చూస్తే, ఏ పేట తగినదో సగం అక్కడే తేలిపోతుంది.

అసలు మంచి పేట అంటే ఏమిటి? ఈ ప్రశ్నను పరదేశాలలో కూడా పెద్దవారు ఆలోచించారు. అమెరికాలో క్లారెన్స్ పెర్రీ అనే ఆయన 1929లో ఒక పథకం ప్రకటించాడు. సుమారు 160 ఎకరాల స్థలం ఒక పేటగా ఉండాలి. దాని మధ్యలో ప్రాథమిక పాఠశాల ఉండాలి. ఏ ఇంటి నుంచయినా పిల్లవాడు పావు మైలు, అంటే సుమారు నాలుగు వందల మీటర్లు నడిచి బడి చేరుకోగలగాలి. పెద్ద రోడ్లు పేట అంచున పోవాలేగాని మధ్యగా దూసుకొని పోకూడదు. అంగళ్ళు మూలల మీద ఉండాలి. ఇదీ ఆయన లెక్క. ఆయన పేటను కొలవడానికి తీసుకున్న కొలబద్ద కారు కాదు, చిన్నపిల్లల నడక. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాత 1961లో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి మరొక మాట చెప్పింది. వీధికి రక్షణ పోలీసుల వల్ల మాత్రమే రాదు, వీధి మీద ఉండే కళ్ళ వల్ల వస్తుంది అన్నది. అంగడి ముందు కూర్చున్నవాడు, కిటికీలోంచి తొంగిచూసే ముసలమ్మ, బస్సు కోసం నిలబడినవారు - వీరందరి చూపే పిల్లలకు కాపలా. ఈ సంగతి మనకు కొత్తది కాదు. మన ఊళ్ళో పిల్లవాడు చెరువు గట్టు వైపు ఒంటరిగా పోతుంటే, వాడు ఎవరి కొడుకైనా సరే, అరుగు మీద కూర్చున్న తాత కేకవేసి పిలుస్తాడు. పరదేశంలో మనం వెదకవలసింది ఆ అరుగు వంటిదే. అక్కడ అది ఒక పార్కు బెంచీ కావచ్చు, ఒక గ్రంథాలయం కావచ్చు, బడి గేటు ముందు పిల్లల కోసం వేచి ఉండే తల్లుల గుంపు కావచ్చు.

హాలెండు దేశంలో 1971 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాలలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఆందోళన చేశారు. డెల్ఫ్ట్ నగరంలో కొన్ని వీధులను, కారు మనిషి నడకతో సమానంగా మెల్లగా పోవలసిన వీధులుగా మార్చారు. 1976లో అటువంటి వీధులకు చట్టంలో స్థానం దొరికింది. పిల్లలకు అనువైన పేట తనంతట తాను పుట్టలేదు, అడిగినవారు ఉన్నారు కాబట్టి వచ్చిందని దీనివల్ల తెలుస్తుంది. మనం కూడా అడిగి తెలుసుకొనేవారం కావాలి.

ఇప్పుడు ఒక్కొక్క అంశమే తీసుకుందాం. మొదటిది బడి.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ఇంటి పరిసరాలలోనే బడి ఉండాలని చెప్పింది. అయినా మనం స్తోమతను బట్టి పిల్లలను వ్యానులో ఇరవై కిలోమీటర్ల దూరానికి కూడా పంపుతాం. బడికీ ఇంటికీ సంబంధం తప్పనిసరి కాదు. అమెరికాలో చాలా చోట్ల అట్లా కాదు. ప్రభుత్వ బడిలో చదువు ఉచితం. కాని ఏ బడిలో చేర్చుకుంటారన్నది ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది. ఒకే వీధిలో ఇటువైపు ఇళ్ళు ఒక బడికి, అటువైపు ఇళ్ళు మరొక బడికి చెందవచ్చు. ఉత్తరాల మీద రాసే ఊరి పేరు ఒకటయితే, బడి జిల్లా పేరు వేరొకటి కావచ్చు. బాడుగ ఒప్పందం, కరెంటు బిల్లు చూపించి తాము అక్కడ నివసిస్తున్నట్టు రుజువు చేయాలి. కొత్త ఇళ్ళు వేగంగా పెరిగే చోట్ల దగ్గరి బడిలో ఖాళీ లేక, కొంచెం దూరపు బడికి పంపడం కూడా ఉంటుంది. అందుచేత బాడుగ కాగితం మీద సంతకం పెట్టేముందు, ఆ బడి జిల్లా కార్యాలయానికి ఫోను చేసి, ఇంటి నంబరుతో సహా చెప్పి, ఈ ఇంటికి ఏ బడి, ఈ తరగతిలో చోటు ఉందా అని అడగాలి. ఇల్లు బాడుగకు ఇచ్చేవారి మాట మీద మాత్రమే ఆధారపడకూడదు.

ఇంగ్లండులో పద్ధతి కొంచెం వేరు. అక్కడ నాలుగేళ్ళు నిండిన పిల్లలు ఆ తర్వాత వచ్చే సెప్టెంబరులో బడిలో చేరతారు. దానికి ఆ సంవత్సరం జనవరి 15వ తేదీలోగా స్థానిక కౌన్సిలుకు దరఖాస్తు ఇవ్వాలి. సీట్లకంటె పిల్లలు ఎక్కువైనప్పుడు, అదే బడిలో అన్నో అక్కో చదువుతున్నారా, ఇల్లు ఎంత దూరం అని చూసి ఇచ్చే బడులే ఎక్కువ. సంవత్సరం మధ్యలో పోయినవారు నేరుగా కౌన్సిలును విచారించాలి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దొరుకుతుంది. కాబట్టి పేరున్న బడి పక్కనే ఎక్కువ బాడుగకు ఇల్లు తీసుకున్నంత మాత్రాన, సంవత్సరం మధ్యలో అందులో సీటు వస్తుందన్న భరోసా లేదు.

సింగపూరుకు పోయేవారు ఈ విషయం మరీ జాగ్రత్తగా వినాలి. అక్కడ ప్రాథమిక పాఠశాలలో చేర్చుకొనేటప్పుడు ఇల్లు ఒక కిలోమీటరు లోపల ఉందా, రెండు కిలోమీటర్ల లోపల ఉందా అని చూస్తారు. ఇది విని మనవారు పెద్ద బడి దగ్గర ఇల్లు వెదుకుతారు. కాని ఆ దేశ పౌరులకూ, శాశ్వత నివాసులకూ ఇచ్చిన తర్వాతనే, చివరి విడతలో పరదేశీ పిల్లల వంతు వస్తుంది. సీటు తప్పకుండా ఇస్తామన్న హామీ లేదు. రెండవ తరగతి నుంచి పైకి చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. అట్లాంటప్పుడు పేరున్న బడి కోసం రెట్టింపు బాడుగ కట్టడం బూడిదలో పోసిన పన్నీరే అవుతుంది.

గల్ఫు దేశాలలో లెక్క ఇంకొక తీరు. కువైటు, దుబాయి వంటి చోట్ల మనవారి పిల్లలు సాధారణంగా ప్రైవేటు బడులకే పోతారు. మన సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమం నడిపే బడులు కూడా ఉన్నాయి. అక్కడ చిరునామాను బట్టి సీటు రాదు. ఫీజు ఎంత, బస్సు ఎంతసేపు అన్నవే ప్రశ్నలు. ఎమిరేట్సులో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం వేళ ఎండలో ఆరుబయట పని చేయించడాన్నే నిషేధించారంటే, ఎండ ఎట్లాంటిదో ఊహించుకోవచ్చు. ఆ ఎండలో చిన్నపిల్లలు బస్సులో గంటసేపు కూర్చోవడం కంటె, చిన్న ఇల్లయినా బడికి దగ్గరగా తీసుకోవడం మేలు.

బడుల మంచిచెడ్డల గురించి ఒక మాట. అమెరికాలో ఒక సంస్థ బడులకు ఒకటి నుంచి పది వరకు మార్కులు వేస్తున్నది. మనవారు తొమ్మిది, పది వచ్చిన బడి తప్ప మరొకదాన్ని చూడరు. పరీక్ష మార్కుల ఆధారంగా వేసిన అంకెలో, గురువు ఎంత బాగా చెప్పాడన్నదే కాక, ఆ పేటలో తల్లిదండ్రుల చదువు, సంపాదన కూడా ఇమిడి ఉంటాయి. ఇంగ్లండులో బడులను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ, బడి మొత్తానికి ఒకే ఒక్క మాటలో తీర్పు చెప్పే పద్ధతిని 2024 సెప్టెంబరులో మానేసింది. ఒక్క మాటలో బడిని తూచలేమని వారికే తోచింది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నాను కనుక నా అనుభవం చెబుతున్నాను. బడి గురించి తెలుసుకోవాలంటే మూడు ప్రశ్నలు అడగండి. ఇంగ్లీషు సరిగా రాని కొత్త పిల్లవాడు చేరితే మీరు ఏమి చేస్తారు? ఒక తరగతిలో ఎంతమంది? పిల్లవాడు మధ్యాహ్నం ఎవరితో కూర్చొని తింటాడో ఎవరైనా చూస్తారా? ఈ మూడింటికి వచ్చే జవాబు పది మార్కులకంటె ఎక్కువ చెబుతుంది.

రెండవది నడక.

అమెరికాలో చాలా పేటలు కారును నమ్ముకొని కట్టినవి. పాల ప్యాకెట్టు కావాలన్నా కారు తీయాలి. భర్త కారు తీసుకొని ఆఫీసుకు పోతే, డ్రైవింగు రాని భార్యకు ఆ ఇల్లు పంజరమే. హెచ్ 4 వీసా మీద పోయిన భార్యలందరికీ ఉద్యోగం చేసే అనుమతి రాదు. 2015 నుంచి, భర్త గ్రీను కార్డు వ్యవహారం ఒక దశకు చేరితే, కొందరికి మాత్రం ఆ అనుమతి ఇస్తున్నారు. ఇక్కడ ఎం.ఏ. చదివి, బడిలో పాఠం చెప్పి, తన సంపాదన తాను చూసుకున్న స్త్రీ అక్కడ రోజంతా నాలుగు గోడల మధ్య గడపవలసి వస్తే, ఆ దిగులు ఇంట్లో అందరి మీదా పడుతుంది. పెద్ద ఇల్లు, అదనపు గది ఆ దిగులును తీర్చలేవు. పది నిమిషాల నడకలో ఒక గ్రంథాలయం, ఒక పార్కు, ఒక బస్సు నిలిచే చోటు ఉంటే చాలావరకు తీర్చగలవు. అమెరికాలో ప్రజా గ్రంథాలయాలలో స్థానికంగా ఉండేవారికి సాధారణంగా సభ్యత్వం ఉచితం. పసిపిల్లలకు కథలు చెప్పే గంట కూడా చాలా చోట్ల ఉంటుంది. కొత్తగా పోయిన తల్లికి మొదటి స్నేహితురాలు దొరికేది తరచుగా అక్కడే.

పెద్దవారి సంగతి కూడా ఆలోచించాలి. కొడుకునో కూతురినో చూడడానికి పోయిన తల్లిదండ్రులకు అమెరికాలో సాధారణంగా ఆరు నెలల వరకు ఉండే అనుమతి ఇస్తారు. మన వైపు నుంచి అట్లా పోయివచ్చిన ఒక అవ్వ నాతో ఇట్లా అన్నది: "అయ్యా, తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు. వాకిట్లోకి వస్తే మనిషి మొగం కనపడదు. దినాలు లెక్కపెట్టుకుంటా ఉంటిని." ఆ అవ్వ కొడుకు చెడ్డవాడు కాదు. ఇల్లు చూసేటప్పుడు ఆమె నడక అతనికి గుర్తుకు రాలేదు, అంతే. కాలిబాట ఉన్న పేట, మధ్యలో కూర్చోవడానికి బెంచీ ఉన్న పార్కు, నడిచిపోగలిగిన గుడి, ఇవి పెద్దవారికి మందుల వంటివి.

వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. లండనులో డిసెంబరు నెలలో సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు కూకుతుంది. బడి వదిలే వేళకు చీకటి కమ్ముకొంటుంది. ఎండాకాలంలో చూసి బాగుందనుకున్న దారి చలికాలంలో ఎట్లా ఉంటుందో, వీధి దీపాలు ఉన్నాయో లేదో అడగాలి.

మూడవది మనవారి సావాసం.

కొత్త దేశంలో మన మాట వినిపిస్తే ప్రాణం లేచివస్తుంది. అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసను, టెక్సాసులోని ఇర్వింగు, ప్లానో, ఫ్రిస్కో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు, లండనులో ఈస్ట్‌హాం వంటి చోట్ల మన దేశస్థులు ఎక్కువ. అక్కడ కందిపప్పు, కరివేపాకు దొరుకుతాయి. జ్వరం వస్తే గంజి కాచి తెచ్చే పొరుగామె ఉంటుంది. మొదటి రెండేళ్ళకు ఇది గొప్ప అండ. అయితే ఇందులో రెండు సంగతులు మరవకూడదు. ఒకటి, అందరూ అటువంటి పేటలనే కోరుకోవడం వల్ల బాడుగ పెరుగుతుంది. రెండు, మనవారి మధ్యనే ఉంటే ఎవడి కారు ఏది, ఎవరి పిల్లవాడికి ఎన్ని మార్కులు అన్న పోటీ కూడా వెంట వస్తుంది. దేశం మారినా ఆ పోటీ నుంచి పిల్లవాడికి విడుదల ఉండదు.

అట్లాగని మనవారు ఒక్కరూ లేనిచోట ఉండమని కాదు. 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో భారతీయులను లక్ష్యంగా చేసుకొని కొందరు దాడులు చేశారు, ప్రాణనష్టం కూడా జరిగింది. ఆనాడు అక్కడివారు సంఘాలుగా ఏర్పడి నిలబడ్డారు. కష్టం వచ్చినప్పుడు పిలిస్తే పలికే నాలుగు ఇళ్ళు ఉండడం అవసరం. వీధి వీధంతా మనవారే ఉండనక్కరలేదు. సింగపూరు ప్రభుత్వం 1989 నుంచి, తాను కట్టించిన ఇళ్ళ సముదాయాలలో చైనీయులు, మలయులు, భారతీయులు కలిసి ఉండేటట్టు ఒక్కొక్క సముదాయానికి వాటాలు పెట్టింది. మన సరిహద్దు ఊళ్ళకు ఇటువంటి చట్టం అవసరం లేకుండానే తెలుగు ఇల్లు, కన్నడ ఇల్లు, ఉర్దూ ఇల్లు పక్కపక్కన ఉంటాయి. ఆ అలవాటు మన పిల్లలకు పరదేశంలో మూలధనం వంటిది.

ఈ సందర్భంలో ఒక చట్టం గురించి తెలుసుకోవాలి. అమెరికాలో 1968 నాటి గృహ వసతి చట్టం ప్రకారం, ఇళ్ళు చూపించే ఏజెంటు జాతి, మతం, దేశం చూసి ఫలానావారిని ఫలానా పేటకు మళ్ళించకూడదు. 1988లో పిల్లలున్న కుటుంబాలకు కూడా ఈ రక్షణ కల్పించారు. కాబట్టి ఇక్కడ ఎటువంటివారు ఉంటారు, మంచివారేనా అని ఏజెంటును అడిగితే ఆయన జవాబు చెప్పడు. ఏదో దాస్తున్నాడని అనుమానపడవద్దు. చట్టం ఆయన నోరు కట్టింది. ఆ విచారణ మనమే చేసుకోవాలి. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వం అని ఎవరైనా అంటే, అది కూడా చాలావరకు చట్టవిరుద్ధమే అని తెలుసుకోవాలి.

నాలుగవది భాష.

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివి, మూడవదిగా ఇంగ్లీషు నేర్చుకుంటారు. రెండు భాషల బరువు పిల్లలు మోయలేరని కొందరు పరదేశంలో ఇంట్లో కూడా ఇంగ్లీషే మొదలుపెడతారు. మన ప్రాంతమే దానికి జవాబు. కైవారం నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ రాసి, రెండు భాషలవారికీ తాతయ్య అయ్యాడు. పేట భాష ఒకటి, ఇంటి భాష ఒకటి అయినా పిల్లలు రెండింటినీ నిలుపుకొంటారు. అయితే ఇంటి బయట కూడా ఆ భాషకు ఒక చోటు కావాలి. సింగపూరు బడులలో మాతృభాషగా చైనీసు, మలయు, తమిళం ఉన్నాయి. వాటితోపాటు బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ భాషలను తీసుకొనే వీలుంది. అందులో తెలుగు లేదు. తెలుగు పిల్లలు తమిళమో హిందీయో చదవవలసి ఉంటుంది. మారిషసులో మాత్రం 1830ల తర్వాత చెరకు తోటలకు పోయిన తెలుగువారి సంతతి నేటికీ ప్రభుత్వ బడులలో తెలుగు చదువుకొనే ఏర్పాటు ఉంది. అమెరికాలో 2007లో మొదలైన మనబడి వంటి వారాంతపు తరగతులు అనేక ఊళ్ళలో ఉన్నాయి. పేటను విచారించేటప్పుడు, వారానికి ఒక్కసారయినా పిల్లవాడు తన ఈడువారితో తెలుగు మాట్లాడే చోటు ఎంత దూరంలో ఉందని అడగండి. అర్ధగంట దూరమైతే పోతారు. గంటన్నర దూరమైతే నాలుగు వారాలు పోయి మానేస్తారు. అవ్వాతాతలతో ఫోనులో మాట్లాడలేని మనవడు తయారైతే, ఆ నష్టాన్ని ఏ జీతమూ పూడ్చలేదు.

ఐదవది భద్రత, ఖర్చు.

ఇంగ్లండులో 2011 నుంచి పోలీసులు వీధుల వారీగా నేరాల పటాన్ని ప్రజలకు ఇంటర్నెట్టులో చూపిస్తున్నారు. అమెరికాలో వరద ముంపు ప్రాంతాల పటాలను కేంద్ర ప్రభుత్వ సంస్థ ప్రకటిస్తుంది. అక్కడ 1978కి ముందు కట్టిన ఇళ్ళ గోడలకు సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఉంది. రాలిపడిన ఆ రంగు పెచ్చులు, దుమ్ము పసిపిల్లల నోట్లోకి పోతే మెదడు ఎదుగుదలకు హాని. అందుకే పాత ఇంటిని బాడుగకు ఇచ్చే యజమాని, సీసం సంగతి తనకు తెలిసినంతవరకు రాసి ఇవ్వాలని అక్కడ చట్టం ఉంది. ఆ కాగితం అడిగి తీసుకోవాలి.

బాడుగను ఒంటరిగా చూడకూడదు. బాడుగ, ప్రయాణం, పసిపిల్లలను చూసుకొనే కేంద్రం ఫీజు - ఈ మూడూ కలిపి చూడాలి. దూరాన చవకగా దొరికిన ఇల్లు, రెండవ కారు కొనవలసి వస్తే చవక కాదు. అడ్వాన్సు సంగతి కూడా జాగ్రత్త. ఇంగ్లండులో 2019 నాటి చట్టం ప్రకారం, సంవత్సరానికి 50,000 పౌండ్లకు లోపు బాడుగ ఉండే ఇళ్ళకు ఐదు వారాల బాడుగకు మించి డిపాజిట్టు తీసుకోకూడదు. బెంగుళూరులో పది నెలల అడ్వాన్సుకు అలవాటుపడిన మనవారు అడిగినంతా కట్టేస్తారు. ఇంకొక ముఖ్యమైన మాట. మన మనిషి ఎవరూ కళ్ళారా చూడని ఇంటికి, ఫోటోలు చూసి ఇక్కడి నుంచి డబ్బు పంపవద్దు. లేని ఇంటిని చూపించి అడ్వాన్సు కాజేసే మోసాలు అన్ని దేశాలలోనూ ఉన్నాయి.

ఇన్ని సంగతులు ఇక్కడ కూర్చొని తెలుసుకొనేది ఎట్లా అని మీరు అడగవచ్చు. దానికి తేలికైన ఉపాయం ఉంది. అక్కడ ఉన్న బంధువునో స్నేహితుడినో ఫోనులో వీడియో చూపించమంటే అతడు వంటగది, పడకగది చూపిస్తాడు. అది చాలదు. ఉదయం బడి వేళకు ఇంటి గుమ్మం నుంచి బడి గేటు వరకు ఫోను పట్టుకొని నడవమని చెప్పండి. ఎన్ని రోడ్లు దాటాడు, కారు ఎంత వేగంగా పోయింది, ఎంతమంది పిల్లలు కనిపించారు చూడండి. సాయంత్రం ఆరు గంటలకు ఒకసారి, ఆదివారం రాత్రి ఒకసారి అదే దారిలో నడవమనండి. మూడు నడకలు చాలు. పేట తన సంగతి తానే చెబుతుంది.

వీలయితే ఇంటి పెద్ద ఒక నెల ముందు పోయి తాత్కాలికంగా ఉండి, కుటుంబం కోసం ఇల్లు వెదకడం మంచిది. తాత్కాలికపు చిరునామాతో చాలా చోట్ల బడిలో సీటు దొరకడం కష్టం కాబట్టి, పిల్లలను బడి ప్రారంభానికి కొద్ది వారాల ముందు పిలిపించుకోవాలి. మొదటి సంవత్సరం బాడుగ ఇల్లే మేలు. పోగానే అప్పుచేసి ఇల్లు కొనడం మేలు కాదు. ఉద్యోగం నిలకడ తెలియాలి, చలికాలం ఒకటి గడవాలి, పిల్లవాడికి బడి పట్టుపడాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత పరదేశంలో ఇల్లు కొనేవారికి మరింత వర్తిస్తుంది.

శ్రోతలారా, పిల్లను ఒక ఊరికి ఇచ్చేముందు మన పెద్దలు ఏమి విచారించేవారు? నీళ్ళు ఎంత దూరం, ఇరుగుపొరుగు ఎట్లాంటివారు, కష్టం వస్తే పిలిస్తే పలికేవారున్నారా అని. ఆ ప్రశ్నలు పాతబడలేదు. మీ ఇంటి నుంచి కొడుకో కూతురో, అల్లుడో కోడలో పరదేశానికి బయలుదేరితే, నాకేమి తెలుసు, అది దొరల దేశం అని ఊరుకోవద్దు. ఆ దేశపు చట్టాలు వారికి తెలుస్తాయి. మనవడు బడికి ఏ దారిన నడుస్తాడు, కోడలు పగలు ఎవరితో మాట్లాడుతుంది అన్న ప్రశ్నలు మాత్రం ఇంటి పెద్దలుగా మీరే అడగాలి. మీరు అడిగితే వారు తప్పక ఆలోచిస్తారు.